విశాఖ దంతపు పెట్టె వేలానికి వచ్చినప్పుడు

అందరికీ నమస్కారం.

పాత వస్తువుల వేలం అనగానే గోల్కొండ వజ్రమో, నిజాం హారమో గుర్తుకొస్తుంది. వాటి మీద పత్రికల్లో చాలా రాశారు. ఇవాళ నేను మాట్లాడబోయేది అంతగా ఎవరూ పట్టించుకోని ఒక తెలుగు పనితనం గురించి. లండన్, న్యూయార్క్ వేలం సంస్థల కేటలాగుల్లో ‘విజగపటం’ అని అచ్చువేసే వస్తువులు కనిపిస్తుంటాయి. అవన్నీ మన విశాఖపట్నంలో 18వ, 19వ శతాబ్దాల్లో తయారైనవి. దంతం పొదిగిన కుర్చీలు, బ్యూరోలు (సొరుగులున్న రాతబల్లలు), సొరుగులతో ఉన్న అద్దాల పెట్టెలు, టీ పెట్టెలు, కుట్టుపెట్టెలు, చదరంగం పలకలు. చిన్న పెట్టెలు కొన్ని వందల పౌండ్లకే దొరుకుతాయి. 18వ శతాబ్దపు మంచి బ్యూరో అయితే పదివేల పౌండ్లు దాటుతుంది. పేరున్న యజమాని చేతిలో ఉన్నట్టు రుజువుంటే లక్ష పౌండ్ల మాట కూడా వింటాం.

ఒకే ఊళ్ళో, ఒకే కాలంలో, ఒకే చేతివాటంతో తయారైన రెండు పెట్టెల మధ్య ఇంత తేడా ఎందుకు? పైపొరలో అసలు పని ఎంత మిగిలింది, దాని వెంట కాగితం ఎప్పటినుంచి ఉంది, దాన్ని ఏ దేశంలో అమ్మడానికి చట్టం ఒప్పుకుంటుంది, ఈ మూడూ తేలాకే ధర పుడుతుంది. అందం ఆ తర్వాతి మాట. మూడోదైన చట్టం మీద ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే గత పదేళ్ళలో ఈ బజారును మార్చేసింది అదే.

ముందు వస్తువు ఎలా తయారైందో చూద్దాం. అది తెలియకుండా దాని లోపం తెలియదు.

విశాఖలో ఈస్టిండియా కంపెనీ కోఠీ 17వ శతాబ్దం చివర్లోనే వెలిసింది. పక్కనే భీమునిపట్నంలో డచ్చివాళ్ళు. వాళ్ళ అధికారులకు ఇంగ్లండు తరహా సామాను కావాలి. ఒక నమూనా కుర్చీ ఇస్తే దాన్ని చూసి అచ్చంగా అలాంటివే చేసివ్వగల పనివాళ్ళు ఊళ్ళో ఉన్నారు. ఈ పని కంసాలులు చేసేవారని ఆనాటి ఇంగ్లీషు రాతలు చెబుతున్నాయి. రూపం ఇంగ్లండుది. అలంకారం మాత్రం మనది. అంచుల వెంట పారే తీగలు, పూలు కోరమాండల్ కలంకారీ దుప్పట్ల అంచుల్ని గుర్తుకు తెస్తాయి. ఆ దుప్పట్లు కూడా ఇదే తీరం నుంచి, ఇవే ఓడల్లో వెళ్ళాయి.

పని రెండు పద్ధతుల్లో సాగింది. మొదటిది పొదుగు. రోజ్‌వుడ్ లాంటి ముదురు చెక్కలో పూవు ఆకారంలో గాడి తొలిచి, అదే ఆకారంలో కోసిన దంతాన్ని అందులో కూర్చోబెడతారు. ఆ దంతం మీద సన్నని గీతలు చెక్కి, గీతల్లోకి నల్లలక్క కరిగించి నింపి, పైన మిగిలిన లక్కను గీకి నునుపు చేస్తారు. ఆకు ఈనెలు, రేకుల మడతలు నల్లగీతలుగా తేలతాయి. 18వ శతాబ్దం మొదటి సగంలో వచ్చిన పెద్ద సామాను ఎక్కువగా ఈ పద్ధతిదే.

రెండోది 1750ల తర్వాత బాగా పుంజుకుంది. ఇందులో చెక్క కనిపించదు. గంధపు చెక్కతోనో మరో చెక్కతోనో పెట్టె చేసి, దాన్నంతా పలుచని దంతపు రేకులతో కప్పేస్తారు. రేకుల్ని జిగురుతో అంటించి, అంచుల్లో సన్నని దంతపు మేకులు దించుతారు. ఆ తెల్లని తలం మీద భవనాలు, చెట్లు, తోటలు గీసి లక్క నింపుతారు. ఈ భవనాలు చాలావరకు ఇంగ్లండు నుంచి వచ్చిన అచ్చుబొమ్మల్ని చూసి గీసినవి. ఇది కాలం కట్టడానికి పనికొచ్చే సంగతి. పెట్టె మీది బొమ్మకు మూలమైన అచ్చుబొమ్మ దొరికితే, ఆ అచ్చుబొమ్మ వెలువడిన సంవత్సరం కంటే పెట్టె ముందుది కాలేదు. ఎంత తర్వాతిదో మాత్రం అది చెప్పదు. ఒకసారి చేయి తిరిగిన నమూనాను పనిశాలలు దశాబ్దాలపాటు వదల్లేదు. కేటలాగులో ‘సిర్కా 1770’ అని ఉంటే, ఆ ఏడాదికి అటూ ఇటూ పదేళ్ళు వదిలిపెట్టి చదవాలి.

19వ శతాబ్దంలో వీటికి తాబేటి చిప్ప, దున్నకొమ్ము, ముళ్ళపంది ముల్లు కూడా తోడయ్యాయి. దేవతామూర్తులు గీసిన చిన్నపెట్టెలు, కొమ్ముపెట్టెలు ఎక్కువగా ఆ కాలానివి. చేతిపని బాగుంటుంది, సంఖ్య కూడా ఎక్కువ, అందుకే ధర తక్కువ. మొదటిసారి కొనేవారు 18వ శతాబ్దపు సొగసు చూసి వచ్చి, 19వ శతాబ్దపు పెట్టెకు ఆ ధర పెట్టేయడం తరచుగా జరిగేదే.

ఇక పైపొర సంగతి. దంతం ఎండేకొద్దీ ముడుచుకుంటుంది, తేమ తగిలితే ఉబ్బుతుంది. చెక్క కూడా అంతే, కాని రెండూ ఒకే కొలతలో కదలవు. విశాఖ సముద్రపు గాలిలో అతికించిన పెట్టెను లండన్లో శీతకాలం పొడుగునా వెచ్చబెట్టిన గదిలో ఉంచితే ఏమవుతుంది? చెక్క అడ్డంగా ముడుచుకుంటుంది, రేకు దాన్ని పట్టుకుని ఉండలేదు. దంతం ఈనె వెంట నిలువు చీలికలు పడతాయి. అంచులు లేస్తాయి. మేకుల చుట్టూ చిన్న పగుళ్ళు వస్తాయి. గీతల్లోని లక్క పొలుసులుగా రాలిపోతుంది. రెండున్నర శతాబ్దాల పెట్టెకు ఒక్క చీలిక కూడా లేదంటే సంతోషించకండి, అనుమానించండి. రేకు మార్చి ఉంటారు, లేదా పగుళ్ళను మైనంతో పూడ్చి ఉంటారు.

వేలానికి ముందు మూడు నాలుగు రోజులు వస్తువుల్ని చూడనిస్తారు. చేతిలో పట్టుకుని చూస్తానని అడగవచ్చు, ఇస్తారు. వెంట పదిరెట్లు పెంచి చూపే భూతద్దం, చిన్న టార్చి, అతినీలలోహిత టార్చి, టేపు ఉంటే చాలు.

మొదట టార్చిని పక్కనుంచి, దాదాపు తలానికి సమాంతరంగా వేయండి. నేరుగా వేసిన వెలుగులో కనిపించని ఎత్తుపల్లాలు అప్పుడు నీడలుగా తెలుస్తాయి. లేచిన రేకు, దిగిన అతుకు, మైనం పూడ్పు, అన్నీ బయటపడతాయి. వేలిగోటితో మెల్లగా తడితే లేచిన చోట బోలుగా మోగుతుంది.

తర్వాత ఇది దంతమా, ఎముకా, దంతంలా కనిపించే పాతకాలపు ప్లాస్టిక్ సెల్యులాయిడా అన్నది తేల్చుకోవాలి. ఏనుగు దంతాన్ని అడ్డంగా కోసినచోట ఒకదాన్నొకటి దాటే వంపు గీతలు కనిపిస్తాయి. వీటిని ష్రెగర్ గీతలంటారు. దంతం బయటి అంచు దగ్గర ఇవి ఏర్పరిచే కోణం 115 డిగ్రీలకు పైన ఉంటే ఇప్పటి ఏనుగుది, 90కి లోపుంటే ఎప్పుడో అంతరించిపోయిన బొచ్చు ఏనుగు మామత్‌ది. అయితే పెట్టె మీది రేకులు నిలువుగా కోసినవి. వాటిలో ఈ గీతలు దొరకవు, సన్నని అలల్లాంటి ఈనె మాత్రమే కనిపిస్తుంది. కనుక గుండ్రంగా తిప్పిన సొరుగు పిడుల తలలు, కాళ్ళ అడుగులు చూడండి. ఎముకైతే భూతద్దంలో నల్లని చుక్కలు, పొట్టి గీతలు కనిపిస్తాయి. అవి ఒకప్పుడు రక్తనాళాలు నడిచిన సందులు. సెల్యులాయిడ్‌లో గీతలు యంత్రం గీసినట్టు ఒకే దూరంలో, సమాంతరంగా ఉంటాయి. అతినీలలోహిత వెలుగులో దంతమూ ఎముకా నీలి తెలుపుగా మెరుస్తాయి, సెల్యులాయిడ్ మసకగా ఉండిపోతుంది. చుట్టూ మెరిసే రేకుల మధ్య ఒక్కటి మసకగా ఉంటే, ఆ ముక్క తర్వాత పెట్టింది. ఎర్రగా కాల్చిన సూదితో పొడిచి చూడాలని పాతవాళ్ళు చెప్పే పరీక్ష చేయకండి. సెల్యులాయిడ్ అంటుకుంటుంది, దంతానికి మాయని మచ్చ పడుతుంది.

ఎముక ముక్క ఉండటం పెద్ద నేరమేమీ కాదు. 19వ శతాబ్దంలో ఇంగ్లండు పనివాళ్ళు ఊడిన చోట ఎముకతో అతికించారు. ఎంత భాగం అలా ఉందన్నదే లెక్క. పెట్టె మూత మీది ప్రధాన బొమ్మే మార్చి ఉంటే మాత్రం దాన్ని వదిలేయండి.

లక్క గీతలకు వద్దాం. అసలు లక్క గాడిలో తలానికి సమంగా, కొంచెం నిగనిగలాడుతూ, సన్నని అడ్డపగుళ్ళతో ఉంటుంది. రాలిపోయిన చోట కొందరు సిరా పూస్తారు. భూతద్దంలో ఆ సిరా గాడి అంచులు దాటి దంతం సందుల్లోకి పాకినట్టు కనిపిస్తుంది, గీత మొద్దుబారుతుంది. ముఖాలు, ఆకుల కొనలు చూడండి, అక్కడ ఈ తేడా దాగదు.

రంగు గురించి కూడా చెప్పాలి. పాత దంతం వెన్నరంగు నుంచి తేనెరంగు దాకా పండుతుంది. వెలుగు తగిలిన వైపు తెల్లగా, తగలని వైపు పచ్చగా ఉండటం సహజం. అన్ని వైపులా ఒకేలా సుద్దలాగా తెల్లబడి ఉంటే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కడిగారన్నమాట. ఆ పండిన రంగు తిరిగి రాదు, ధర సగానికి పడిపోవచ్చు. ఇళ్ళల్లో ఇలాంటి వస్తువులున్నవారు నీళ్ళు, నిమ్మరసం, సబ్బు దగ్గరకు కూడా రానివ్వకండి. మెత్తని పొడి కుంచెతో దుమ్ము తుడిస్తే చాలు. ఎండ తగలని గదిలో, ఏసీ గాలి నేరుగా తగలని చోట పెట్టండి. మిగిలిందేదైనా పాత వస్తువుల్ని బాగుచేసే నిపుణులు, అంటే కన్సర్వేటర్లు చేయాల్సిన పని.

పెద్ద సామాను అయితే పై భాగం, కింది భాగం ఒకే జతవా అని చూడాలి. రెండు వేర్వేరు క్యాబినెట్ల ముక్కల్ని కలిపి ఒకటిగా అమ్మడం ఎప్పటినుంచో ఉంది. అంచు తీగలో ఒక పూవుకూ ఇంకో పూవుకూ మధ్య దూరం టేపుతో కొలవండి. పైన ఒక కొలత, కింద ఇంకో కొలత వస్తే అనుమానించాలి. సొరుగులన్నీ బయటికి లాగి వెనక పలకలు చూడండి. ఒక సొరుగు చెక్క మాత్రం వేరే రంగులో ఉంటే అది మార్చింది. స్క్రూలు కూడా చెబుతాయి. 19వ శతాబ్దం మధ్యకు ముందు స్క్రూ కొన మొద్దుగా ఉండేది, సూదికొన స్క్రూ యంత్రంతో వచ్చింది. 1770 నాటి పెట్టెకు సూదికొన స్క్రూలుంటే, కీలు తర్వాత మార్చినట్టు. వెండి కీళ్ళు, పిడులు మారినవి చాలా ఉంటాయి. దీనికి ధర కొంత తగ్గుతుంది, ప్రాణం పోదు.

ఇవన్నీ వేలం సంస్థ తన కండిషన్ రిపోర్టులో రాస్తుంది. అడిగితే పంపుతుంది, తప్పకుండా అడగండి. అయితే అందులో మాటలు పొదుపుగా ఉంటాయి. ‘వయసుకు తగిన పగుళ్ళు, కొన్ని లోపించిన ముక్కలు, రెస్టోరేషన్స్ (మరమ్మతులు)’ అన్న ఒక్క వాక్యంలో రెండు చిన్న చీలికలూ ఇమడగలవు, మూత మొత్తం మార్చిన సంగతీ ఇమడగలదు. కనుక ప్రశ్న సూటిగా ఉండాలి. ఏ పలకలు మార్చారు, ఏ వస్తువుతో, ఎన్ని చోట్ల, ప్రతిదానికీ దగ్గరి ఫోటో పంపండి అని రాతపూర్వకంగా అడగాలి. శీర్షికలో ‘స్టాండ్ తర్వాతిది’ అని ఒక చిన్నమాట ఉంటే దాన్ని చూడనట్టు దాటేయకండి. కింద కాళ్ళు కొత్తవైన క్యాబినెట్ విలువ, కాళ్ళు అసలువైన క్యాబినెట్ విలువలో కొంత భాగమే.

రెండో విషయం కాగితం. ఈ సామానుకున్న అతి గొప్ప యాజమాన్య చరిత్ర ఒక వేలంతోనే మొదలవుతుంది. అలెగ్జాండర్ వించ్ 1773 నుంచి 1775 దాకా మద్రాసు గవర్నరు. గంధపు చెక్క మీద దంతపు రేకులు కప్పిన విశాఖ కుర్చీలు, చిన్న క్యాబినెట్లు ఆయన ఇంగ్లండుకు తీసుకెళ్ళాడు. ఆయన సామాను 1781లో వేలానికి వచ్చినప్పుడు మూడో జార్జి రాజు వాటిని షార్లెట్ రాణి కోసం కొన్నాడు. రాణి 1818లో పోయాక ఆమె వస్తువుల్ని మరుసటి ఏడాది లండన్ వేలం సంస్థ క్రిస్టీస్ అమ్మింది. ఆమె కొడుకే, తర్వాత నాలుగో జార్జి అయినవాడు, వాటిలో కొన్నింటిని మళ్ళీ కొనుక్కున్నాడు. అవి ఇప్పటికీ బ్రిటిష్ రాజకుటుంబ సేకరణలో ఉన్నాయి. మన ఊరి పనివాళ్ళు చేసిన సామానును ఇంగ్లండు రాజకుటుంబం రెండుసార్లు డబ్బిచ్చి కొంది. చేసినవాళ్ళ పేర్లలో ఒక్కటి కూడా ఆ పత్రాల్లో లేదు. కొన్నవాళ్ళ పేర్లు మాత్రం తేదీలతో సహా ఉన్నాయి. ఈ బజారులో వస్తువుకు వెల తెచ్చేది ఆ రెండో జాబితానే. అది న్యాయమా అంటే కాదనే అంటాను. కాని లెక్క అలాగే నడుస్తోంది.

రాజుగారి కుర్చీ కాకపోయినా ప్రతి పెట్టె అడుగున ఏదో ఒక ఆనవాలు ఉండవచ్చు. అడుగున అతికించిన కాగితపు చీటీ, ఓడ సామాను చీటీ, లండన్లో తాళం అమర్చినవాడి ముద్ర, సుద్దముక్కతో రాసిన అంకె. క్రిస్టీస్ గుండా వెళ్ళిన వస్తువుల వెనక నల్లరంగు స్టెన్సిల్ అంకెలుంటాయి. లండన్లో వాళ్ళ పాత రికార్డులతో ఆ అంకెను పోల్చి ఏ సంవత్సరం ఎవరు అమ్మకానికి పెట్టారో తెలుసుకోవచ్చు. మురికిగా ఉందని దాన్ని తుడిచేసినవాళ్ళు తెలియకుండానే వస్తువు చరిత్రను తుడిచేస్తున్నారు.

కాగితం ధరకే కాదు, న్యాయానికి కూడా కావాలి. విశాఖ సామానులో ఎక్కువ భాగం ఆర్డరిచ్చి డబ్బు కట్టి చేయించుకుని 18, 19 శతాబ్దాల్లోనే ఓడలెక్కించినది. శిల్పాల సంగతి అలా కాదు. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధక్షేత్రానికి చెందిన మూడో శతాబ్దపు శిల్పఫలకం ఒకదాన్ని కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2005లో న్యూయార్క్ డీలరు దగ్గర 5,95,000 డాలర్లకు కొంది. అది చందవరంలో ఉన్నప్పటి పాత ఫోటో బయటికి రావడంతో దొంగసొత్తని తేలింది. 2016లో దాన్ని భారతదేశానికి అప్పగించారు. గ్యాలరీకి డబ్బూ పోయింది, పరువూ పోయింది. దాన్ని వెనక్కి తెచ్చింది ఒక్క ఫోటో. మన పల్లెల్లో గుడి ఉన్నవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. ప్రతి విగ్రహాన్నీ ముందు, వెనక, రెండు పక్కలు, పీఠం, విరిగిన చోట్లు, పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీయండి. ఎత్తు, వెడల్పు, లోహమైతే బరువు రాయండి. ఆ ప్రతులు మూడు వేర్వేరు చోట్ల దాచండి. దొంగతనం జరిగాక వర్ణనతో ఎవరూ విగ్రహాన్ని వెతకలేరు.

మూడో విషయం చట్టం. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి.

బ్రిటన్‌లో దంతపు చట్టం 2018లో చేశారు, 2022 జూన్ 6 నుంచి అమలైంది. ఏనుగు దంతం ఉన్న ఏ వస్తువునూ అమ్మకూడదు, కొనకూడదు, అద్దెకివ్వకూడదు. పాతదైనా సరే. కొన్ని మినహాయింపులున్నాయి, అందులో విశాఖ సామానుకు పనికొచ్చేవి రెండు. ఒకటి, 1947 మార్చి 3కు ముందు చేసినదై, మొత్తం పదార్థంలో దంతం ఘనపరిమాణం 10 శాతం కంటే తక్కువైతే, 20 పౌండ్లు కట్టి నమోదు చేసి అమ్మవచ్చు. రెండు, 1918కి ముందుదై, కళాపరంగా గాని చరిత్రపరంగా గాని అసాధారణమైన విలువ ఉంటే, 250 పౌండ్లు కట్టి దరఖాస్తు పెట్టాలి. ప్రభుత్వం గుర్తించిన మ్యూజియం నిపుణులు పరిశీలించి సర్టిఫికెట్ ఇస్తే అమ్మవచ్చు. ఉల్లంఘిస్తే రెండున్నర లక్షల పౌండ్ల దాకా జరిమానా, ఐదేళ్ళ దాకా జైలు.

ఇప్పుడు నేను మొదట చెప్పిన రెండు పద్ధతుల్ని గుర్తుకు తెచ్చుకోండి. పొదుగు పద్ధతి బ్యూరోలో చెక్క మందం 20 మిల్లీమీటర్లు, దంతం 2 మిల్లీమీటర్లు అనుకుందాం. ఆ దంతం కూడా తలం మొత్తం కాదు, నాలుగో వంతే పరుచుకుని ఉంటుంది. లెక్క కడితే రెండున్నర శాతం వస్తుంది. 20 పౌండ్లతో పని అయిపోతుంది. రేకు కప్పిన కుట్టుపెట్టెలో చెక్క 8 మిల్లీమీటర్లు, పైన దంతం 2 మిల్లీమీటర్లు, తలం మొత్తం దంతమే. పదిలో రెండు, అంటే 20 శాతం. మొదటి మినహాయింపు దొరకదు. పెట్టె లోపలి ఖాళీని లెక్కలోకి తీసుకోకూడదు, పదార్థాన్ని మాత్రమే కొలవాలి. ఇక మిగిలింది అసాధారణ విలువ సర్టిఫికెట్. అది గొప్ప పెట్టెలకే దొరుకుతుంది. బాగుంది కాని గొప్పది కాదనిపించే మధ్యరకం పెట్టెలు బ్రిటన్‌లో చట్టబద్ధంగా అమ్ముకునే దారే మూసుకుపోయింది. అర్హత ఉన్న మ్యూజియానికి అమ్మవచ్చు గాని, మ్యూజియాలు మధ్యరకం పెట్టెలు కొనవు. ఒకప్పుడు పొదుగు కంటే రేకు పని పెట్టెలకు గిరాకీ తీసిపోయేది కాదు. ఇప్పుడు పొదుగు సామాను హాయిగా చేతులు మారుతోంది, రేకు పెట్టెలు ఇళ్ళల్లోనే ఉండిపోతున్నాయి.

ఇది ఏనుగుల కోసం చేసిన చట్టం. ఆ అవసరంలో నాకు రవ్వంత సందేహం లేదు. పాత దంతం ముసుగులో కొత్త దంతం అమ్మడం నిజంగా జరిగింది. అయినా ఒక నష్టాన్ని చెప్పుకోవాలి. అమ్మడానికి వీల్లేని వస్తువు మీద మరమ్మతుకు ఎవరూ ఖర్చు పెట్టరు. పడమటి దేశాల అటకల మీద మన ఊరి పెట్టెలు ఎండి చీలిపోతాయేమోనన్నదే నా భయం.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఒక హెచ్చరిక. అక్కడ సమాఖ్య నిబంధనలు 2016 జూలై 6 నుంచి బిగిశాయి. ఆఫ్రికా ఏనుగు దంతాన్ని వ్యాపారం కోసం దిగుమతి చేసుకోవడం పూర్తిగా నిషేధం, పురాతన వస్తువైనా సరే. ఆసియా ఏనుగు దంతమైతే వందేళ్ళు దాటిందని, 1973 డిసెంబరు 28 తర్వాత రక్షిత జంతువుల పదార్థంతో మరమ్మతు జరగలేదని, నిర్ణీత రేవు గుండా వచ్చిందని రుజువు చేసే బాధ్యత మీదే. పలుచని రేకు చూసి ఏ ఏనుగుదో చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి. న్యూయార్క్ రాష్ట్రంలో వందేళ్ళు దాటిన వస్తువులో దంతం 20 శాతానికి లోపే ఉండాలి, కాలిఫోర్నియాలో 5 శాతానికి లోపు. లండన్ వేలంలో ఆన్‌లైన్‌లో పాడి, ఎగుమతి, దిగుమతి సైటిస్ పత్రాలు (అరుదైన జీవుల వ్యాపారం మీది అంతర్జాతీయ ఒప్పందం కింద ఇచ్చే అనుమతులు) లేకుండా తెప్పించుకుంటే కస్టమ్స్ దగ్గరే ఆగిపోతుంది. వేలం సంస్థ డబ్బు వెనక్కివ్వదు. అనుమతులు తెచ్చుకోవడం కొన్నవాడి పని అని వాళ్ళ షరతుల్లోనే ఉంటుంది.

డబ్బు లెక్క త్వరగా చెబుతాను. కేటలాగులో రెండు అంకెలుంటాయి, కింది అంచనా, పై అంచనా. అమ్మేవారికి రహస్యంగా ఒక కనీస ధర ఉంటుంది, అది కింది అంచనాను మించదు. ఆ ధర వచ్చేదాకా వేలం వేసేవారు అమ్మేవారి తరఫున పాట పెంచవచ్చు, షరతుల్లో అది రాసే ఉంటుంది. కనుక మొదటి రెండు మూడు పాటలు వినగానే గదిలో పోటీ ఉందనుకోకండి. సుత్తి పడిన ధర, అంటే పాట ఆగిన ధర మీద కొన్నవారు వేలం సంస్థకు అదనపు రుసుము కట్టాలి, దాన్ని కొనుగోలుదారు ప్రీమియం అంటారు. సోథబీస్ అనే వేలం సంస్థ 2025 ఫిబ్రవరి నుంచి మొదటి అంచెకు 27 శాతం పెట్టింది. 20,000 పౌండ్లకు సుత్తి పడితే ప్రీమియం 5,400. దాని మీద బ్రిటన్ వ్యాట్ 20 శాతం, 1,080. మొత్తం 26,480. ప్యాకింగు, రవాణా, బీమా, సైటిస్ ఖర్చులు వేరే. మీ గరిష్ఠ ధర 20,000 అయితే పాట 15,000 దగ్గరే ఆపాలి.

పత్రికల్లో వచ్చే ధరలో ప్రీమియం కలిసి ఉంటుంది, అంచనాలో ఉండదు. రెంటినీ పోల్చడం వల్ల అంచనా దాటిందన్న వార్తలు ఎక్కువ కనిపిస్తాయి. 2019 జూన్ 19న న్యూయార్క్ క్రిస్టీస్‌లో నిజాం వజ్రాల హారం 24,15,000 డాలర్లకు పోయిందని చదివాం. అప్పటి ప్రీమియం మొదటి 3 లక్షలకు 25 శాతం, ఆపైన 40 లక్షల దాకా 20 శాతం. వెనక్కి లెక్కిస్తే సుత్తి ధర సరిగ్గా 20 లక్షలు. అంచనాతో పోల్చాల్సింది ఆ 20 లక్షల్ని.

అమ్మకానికి పెట్టి అమ్ముడుపోని వస్తువు పరిస్థితి మరీ కష్టం. ఆ ఫలితం ఆన్‌లైన్‌లో అందరికీ కనిపిస్తుంది. వెంటనే మళ్ళీ పెడితే కొనేవాళ్ళు లోపమేదో ఉందనుకుంటారు. అంచనా తక్కువ పెట్టమని వేలం సంస్థ సలహా ఇస్తే వినండి. తక్కువ అంచనా నలుగురిని రప్పిస్తుంది, ఎక్కువ అంచనా ఇద్దరిని కూడా రానివ్వదు.

చివరగా, ఇక్కడ కూర్చున్నవారు అడిగిన ప్రశ్న. మా తాతల నాటి దంతపు పెట్టె ఇంట్లో ఉంది, ఏం చేయాలి?

భారతదేశంలో దాన్ని అమ్మలేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో, 1991లో జరిగిన సవరణలతో దేశీయ దంతమూ ఆఫ్రికా దంతమూ రెండింటి వ్యాపారం ఆగిపోయింది. ఎంత పాతదైనా మినహాయింపు లేదు. వందేళ్ళు దాటిన వస్తువు 1972 పురావస్తువుల చట్టం కిందికి కూడా వస్తుంది, కనుక దేశం దాటించలేరు. సూట్‌కేసులో పెట్టి అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపుదామనుకుంటే అది నేరం, ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా శిక్ష ఉంది. వారసత్వంగా మీకు వచ్చి ఉంటే యాజమాన్య పత్రం ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే న్యాయవాదిని కలిసి, రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కార్యాలయంలో ఏం చేయాలో కనుక్కోండి. దంతపు బొమ్మైతే పురావస్తు రిజిస్ట్రేషన్ కూడా కావాలి.

ఆ తర్వాత పెట్టెను తిరగేసి అడుగు భాగం ఫోటో తీయండి. ఎవరు ఎవరికి ఇచ్చారో, ఏ పెళ్ళికి వచ్చిందో, ఇంట్లో పెద్దవాళ్ళకు తెలిసినదంతా తేదీతో ఒక కాగితం మీద రాసి, వాళ్ళ చేత సంతకం పెట్టించి, పెట్టెలో కాకుండా వేరేచోట దాచండి.